పొలం ఆటలో అదను, పదును

పిల్లల పెంపకం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాను. ఈసారి అందిన ఉత్తరాలలో మూడు పొలం పనులను అనుకరించే వీడియో గేముల గురించే ఉన్నాయి కనుక, మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈ మూడింటినీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఉంటాము. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవుల్లో మా ఆడపడుచు కొడుకు ఉచితంగా దొరికే ఒక పొలం ఆటను నా ఫోనులో వేసి ఇచ్చి వెళ్లాడు. అప్పటినుంచి మా వాడు తెల్లవారుజామున లేచి, పంట కోయాలంటూ ఫోను వెతుక్కుంటున్నాడు. పోయిన నెల నాకు తెలియకుండా ఆ ఆటలో ఏవో కొనడానికి 780 రూపాయలు ఖర్చయ్యాయి. సూర్యాపేట దగ్గర మా మామగారికి మూడెకరాల పొలం ఉంది. మొన్న ఆయన ఫోను చేస్తే, "తాతా, నీ వరి ఇంకా రాలేదా? నా మక్కలు నువ్వు చాయ్ తాగేలోపు వస్తాయి" అన్నాడు. మా వారేమో, తుపాకుల ఆట కాదు కదా, వ్యవసాయమే కదా, ఆడుకోనివ్వు అంటారు. ప్లే స్టోరులో కూడా దానికి 3+ అని రాసి ఉంది. ఇప్పుడు వాడు స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఇంకో ఆట కావాలంటున్నాడు. ఇలాంటి ఆట పిల్లలకు తగినదో కాదో ఎలా తేల్చుకోవాలి?
ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ బాబు తాతగారితో అన్న మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. తెర మీద పొలం, పశువులు, పచ్చదనం కనిపించినంత మాత్రాన ఆట మంచిదైపోదు. తుపాకీ లేనంత మాత్రాన నిరపాయకరమైనదీ కాదు. పొలం ఆట ఏదైనా సరే, నేను ముందుగా చూసేది ఒక్కటే. విత్తనం వేసిన నాటి నుంచి పంట చేతికి వచ్చేదాకా ఉండే ఎదురుచూపును ఆ ఆట ఏం చేస్తోంది? సేద్యంలో పిల్లలు నేర్చుకోదగినదంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. దాన్ని పిల్లవాడికి అలవాటు చేసే ఆటలు కొన్ని ఉన్నాయి. దాన్ని భరించలేని అవస్థగా మార్చి, తప్పించుకునే దారిని డబ్బుకు అమ్మే ఆటలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

ఈ రెండో రకానికి దారి వేసింది 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో మొదలైన ఫార్మ్‌విల్. అందులో పంటను చెప్పిన వేళకు కోయకపోతే వాడిపోయేది. అంటే ఆడే మనిషి తన వేళలను ఆట వేళలకు సర్దుకోవలసి వచ్చేది. ఆ ఆట 2020 డిసెంబరు 31న మూతపడింది కానీ దాని పద్ధతి మాత్రం పోలేదు. ఫిన్లాండ్‌కు చెందిన సూపర్‌సెల్ సంస్థ 2012లో తెచ్చిన హే డే అనే ఆటలో పంట వాడిపోదు, అది కొంత నయం; గోధుమ రెండు నిమిషాల్లో చేతికి వస్తుంది. అయితే ముందుకు పోయేకొద్దీ గంటలు పట్టే పనులు వస్తాయి, ఆ గంటలను వజ్రాలతో కరిగించవచ్చు, ఆ వజ్రాలను అసలు డబ్బుతో కొనుక్కోవచ్చు. పెద్దవాళ్లకు ఇది ఒక వ్యాపార పద్ధతిగా అర్థమవుతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడికి మాత్రం, ఎదురుచూడడం తెలివితక్కువ వాళ్లు చేసే పని అని అర్థమవుతుంది. మీ మామగారు చాయ్ తాగేలోపు మక్కలు పండించే మనవడు, ఆయన వరి ఇంకా రాలేదని జాలిపడడం అందుకే.

కాబట్టి మీ ఫోనులో ఉన్న ఆటకు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆట మూసేసిన తర్వాత పొలం ఆగిపోతుందా, లేక నడుస్తూనే ఉంటుందా? నడుస్తూనే ఉంటే, పిల్లవాడు బడిలో ఉన్నా, అన్నం తింటున్నా, నిద్రపోతున్నా వాడి మనసులో ఒక మూల ఆ పంట తయారవుతూనే ఉంటుంది. మీ బాబు తెల్లవారుజామున లేవడం వాడి చెడ్డ అలవాటు కాదు. ఆట పెట్టిన ముహూర్తానికి వాడు కట్టుబడ్డాడు, అంతే. ఆ విషయంలో వాడిని తిట్టవద్దని మిమ్మల్ని బతిమాలి చెబుతున్నాను.

ఇక 3+ సంగతి. మన దేశంలో ప్లే స్టోరులో కనిపించే ఆ అంకె, ఆట తయారుచేసినవారు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన జవాబుల ఆధారంగా వచ్చేది. హింస, భయం, బూతులు, జూదం వంటివి ఎంత మేరకు ఉన్నాయో అది చెబుతుంది. మూడేళ్ల పిల్లలకు ఆ ఆట తగినదని గానీ, తొమ్మిదేళ్లవాడు దాన్ని తనంతట తాను ఆపగలడని గానీ అది చెప్పదు. ఆ అంకె కంటే, అదే పేజీలో ప్రకటనలు ఉంటాయని, యాప్‌లో కొనుగోళ్లు ఉంటాయని చిన్న అక్షరాలతో రాసి ఉండే మాటలు మీకు ఎక్కువ పనికి వస్తాయి. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది గానీ, వజ్రాలూ నాణేలూ కొనిపించే పొలం ఆటలు ఆ నిషేధం కిందికి రావు. అందువల్ల ఆ కాపలా మనమే కాయాలి: ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి, యూపీఐ పిన్ను పిల్లల ఎదుట నొక్కకండి, వీలైతే బాబు ఆడే ఫోనులో చెల్లింపుల ఖాతాలేవీ ఉంచకండి. పోయిన 780 రూపాయల గురించి గూగుల్ ప్లేలో వాపసు కోరి చూడండి. ఇలాంటివి ఆలస్యం చేసేకొద్దీ కష్టమవుతాయి.

ఆ ఆటను ఫోనులోంచి తీసేయమనే నా సలహా. అయితే వాడు నిద్రపోతున్నప్పుడు తీసేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని, వాడు వేసిన పంటను వాడి చేతనే కోయించి, ఎందుకు తీసేస్తున్నామో చెప్పి తీసేయండి. వాడి దృష్టిలో అది వాడు పెంచిన పొలం.

ఇప్పుడు స్టార్‌డ్యూ వ్యాలీ. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మా మనుమడికి పదకొండేళ్లు వచ్చినప్పుడు ఈ ఆటను నాలుగు ఆదివారాలు వాడి పక్కన కూర్చుని చూశాను, ఒక ఆదివారం నేనే ఆడాను. దీన్ని ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి తయారుచేసి, 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. ఒకసారి వెల చెల్లించి కొనుక్కుంటే సరి, లోపల మళ్లీ కొనవలసినవి ఉండవు, ప్రకటనలు ఉండవు. పట్నంలో ఉద్యోగంతో విసిగిన ఒక మనిషికి తాతగారి పాడుబడిన పొలం వారసత్వంగా రావడంతో కథ మొదలవుతుంది. ఊరి పెద్ద పదిహేను గింజలు ఇస్తాడు. నేల తవ్వి, విత్తి, రోజూ నీళ్లు పోయాలి. ఒంట్లో సత్తువ అయిపోతే పని ఆగిపోతుంది.

మా వాడు వసంత ఋతువు 20వ తేదీన, ఉన్న డబ్బంతా పెట్టి కాలీఫ్లవర్ వేశాడు. ఆటలో ఒక్కో ఋతువుకు 28 రోజులు, కాలీఫ్లవర్‌కు 12 రోజులు. ఆ లెక్క వాడు చూసుకోలేదు. 28వ తేదీ రాత్రి పడుకుని, గ్రీష్మం మొదటిరోజు ఉదయం తలుపు తెరిచేసరికి మడి అంతా ఎండి గోధుమరంగులోకి తిరిగింది. వాడు ఏడవలేదు, ఆట ఆపనూ లేదు. లేచి వెళ్లి నోటుబుక్కు తెచ్చుకుని, ఏ పంటకు ఎన్ని రోజులో గీతలు గీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. మన రైతులు అదను, పదును అని రెండు మాటలు కలిపి అంటారు. అదను అంటే విత్తే వేళ, పదును అంటే నేలలో ఉండవలసిన తేమ. ఈ ఆట పిల్లలకు అదనును బాగానే నేర్పుతుంది. పదునును నేర్పలేదు, ఆటలో నేల తడిసి ఉంటుంది లేదా ఎండి ఉంటుంది, మట్టిని పిడికిట్లో నొక్కి చూసి ఇవాళ వద్దు, రేపు దున్నుదాం అనుకునే పని అందులో లేదు. అయినా తెర మీద ఆటలో ఒకటి నేర్పడం కూడా చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

మీరు పడుతున్న బాధకు సంబంధించిన ముఖ్యమైన తేడా ఇది: ఆట మూసేస్తే ఆ పొలం ఆగిపోతుంది. వారం తర్వాత తెరిచినా మొక్కలు మీరు వదిలినచోటే ఉంటాయి. ఆటలోని ఒక రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. కంప్యూటరులో ఆడేటప్పుడు, మనిషి ఇంటికి వెళ్లి పడుకుంటేనే ఆ రోజు చేసిన పని భద్రమవుతుంది. మధ్యలో మూసేస్తే ఆ రోజు పనంతా పోతుంది. "ఒక్క నిమిషమమ్మా" అని పిల్లలు అనడానికి ఇక్కడ నిజంగానే కారణం ఉంటుంది. కాబట్టి గడియారం చూపించి అరగంట అనకుండా, ఆటలో రెండు రోజులు అని ఒప్పందం చేసుకోండి. రెండో రాత్రి పడుకోగానే ఆపాలి. మధ్యలో అన్నానికి పిలిస్తే సామానుల సంచి తెరిచి పెట్టి రావచ్చు, ఒంటరిగా ఆడుతున్నప్పుడు కాలం అక్కడే నిలుస్తుంది.

అయితే ఇది పూర్తిగా పసిపిల్లల ఆట కాదు. అమెరికాలో ఆటలకు వయసు నిర్ణయించే సంస్థ దీన్ని పదేళ్లు పైబడిన వారికి అని పేర్కొంటూ, మద్యం, పొగాకు, జూదాన్ని పోలిన ఆట, కొద్దిపాటి నెత్తురు ఉంటాయని చెప్పింది. అవన్నీ నిజమే. గనుల్లోకి దిగితే వింత జీవులను కత్తితో నరకాలి, కాకపోతే అది బొమ్మల పోట్లాటలాగే ఉంటుంది. ఊళ్లో ఒక మద్యం దుకాణం ఉంటుంది, ఊరివాళ్లు సాయంత్రం అక్కడే కలుస్తారు. ద్రాక్షపళ్లను అలాగే అమ్మేకంటే పీపాలో పోసి వైన్ చేసి అమ్మితే మూడింతలు వస్తుంది, లెక్క తెలిసిన పిల్లలు ఆ సంగతి త్వరగానే కనిపెడతారు. ఆట చాలా దూరం వెళ్లాక ఎడారిలో ఒక జూదగృహం ఉంది, అందులో అసలు డబ్బుకు తావు లేదు. వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది షేన్ అనే పాత్ర. అతను తాగుడుకు బానిసైన యువకుడు. అతనితో స్నేహం పెరిగాక, ఒకనాడు కొండ అంచున తాగి పడి ఉండి, బతకడం ఎందుకన్నట్లు మాట్లాడతాడు. తర్వాత వైద్యుడి సలహాతో సాయం తీసుకోవడానికి ఒప్పుకుంటాడు. ఆ సన్నివేశాన్ని చాలా మర్యాదగా రాశారు, పన్నెండు పదమూడేళ్ల పిల్లలతో ఆ విషయం మాట్లాడడానికి అది మంచి అవకాశం కూడా. కానీ తొమ్మిదేళ్లవాడు దాన్ని ఒంటరిగా చదవకూడదు.

అందుచేత మీ బాబుకు నా తీర్పు ఇది. ఇంకో ఏడాది ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే మీరో, మీ వారో పక్కన ఉన్నప్పుడు మాత్రమే, ఫోనులో కాకుండా హాల్లో ఉన్న కంప్యూటరులో ఆడనివ్వండి. ఆట తెలుగులో లేదు, సంభాషణలన్నీ చదవాలి కనుక పక్కన కూర్చోవడం ఎలాగూ అవసరమే. బడి రోజుల్లో ఆటలో రెండు రోజులు చాలు.

పొలం ఆటలన్నిటిలో ఉన్న ఒక అబద్ధం మాత్రం వాడికి తెలియాలి. స్టార్‌డ్యూలో ముల్లంగిలాంటి పార్స్‌నిప్ గింజ 20 నాణేలకు వస్తుంది, పండిన దుంప 35కు పోతుంది. ఈ ఏడూ అంతే, పై ఏడూ అంతే. ఊరంతా అదే వేసినా ధర పడిపోదు. ఎర్రగడ్డ రైతుబజారుకు ఒక నెలపాటు వారం వారం మీతో తీసుకువెళ్లి, బోర్డు మీద టమాట ధర వాడి చేతనే రాయించండి. ఆ నోటుబుక్కుతో తాతగారికి ఫోను చేయించండి. రాజేంద్రనగర్‌లో రూపొందించిన తెలంగాణ సోనా వరి రకం కూడా చేతికి రావడానికి సుమారు 125 రోజులు పడుతుంది, అది తక్కువ కాలపు పంట అంటేనే రైతులు సంతోషిస్తారు. ఆ నాలుగు నెలల్లో తాతగారు రోజూ ఏం చేస్తారో వాడు అడగాలి. ఆయన చెబుతారు, నాకు నమ్మకముంది.

ప్రశ్న: అమ్మా, నాకు ఉప్పల్‌లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఫార్మింగ్ సిమ్యులేటర్ 25 కొనిపెట్టమని అడుగుతోంది. దానివల్ల వ్యవసాయం ఏమైనా వస్తుందా? చెడ్డ విషయాలు ఉంటాయా?
ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అయ్యా, చెడ్డ విషయాల మాట అయితే నిశ్చింతగా ఉండండి. స్విట్జర్లాండ్‌కు చెందిన జెయింట్స్ సాఫ్ట్‌వేర్ 2008 నుంచి తెస్తున్న ఈ వరసలో హింస గానీ, అసభ్యత గానీ ఉండవు, అన్ని వయసులవారికీ అన్న గుర్తింపే ఉంది. 2024 నవంబరులో 25 అనే పేరుతో వచ్చిన ఈ ఆటలో వరి సాగు, గేదెలు కూడా చేరాయి కనుక మన పిల్లలకు కొంత దగ్గరగా తోస్తుంది. నిజమైన కంపెనీల ట్రాక్టర్లు, కోత యంత్రాలు ఉంటాయి. ఏ పనికి ఏ పరికరం తగిలించాలి, ఎంత హార్స్‌పవర్ కావాలి అన్నది చూసుకోకపోతే పని ముందుకు సాగదు. ఈ ఆట నెమ్మదిగా నడుస్తుంది. ఓపిక లేని పిల్లలు రెండు రోజుల్లో వదిలేస్తారు, యంత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లు వదలరు. మీ ఇంట్లో ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

వ్యవసాయం వస్తుందా అంటే, యంత్రాల వరస వస్తుంది. మనుషులు మాత్రం రారు. మన ఊళ్లలో వరి నాట్లంటే వంగిన నడుములతో వరసగా నిలబడిన ఆడవాళ్లు, వాళ్ల కూలి రేటు, ఆ వారం వాళ్లు దొరకడం, దొరకకపోవడం. ఆటలో నాటు యంత్రం ఒక చివర నుంచి ఇంకో చివరకు పోతుంది, అంతటితో నాట్లు అయిపోతాయి. బ్యాంకు అప్పు కూడా మీట నొక్కితే వస్తుంది, మీట నొక్కితే తీరుతుంది. అప్పు భయం ఎలా ఉంటుందో మీ షెడ్డుకు వచ్చే రైతులు మీతో చెప్పుకునే ఉంటారు. ఆ మాటలు అమ్మాయి వినే వయసుకు వచ్చింది, వినిపించండి.

కొనేముందు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఈ ఆటకు మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు గానీ, కొత్త తరం కన్సోలు గానీ కావాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో నడవకపోతే ఆ డబ్బు వృథా అవుతుంది. రెండోది, ఆడేవాళ్లు తయారుచేసిన అదనపు ట్రాక్టర్లు, పొలాలు మాడ్‌ల పేరుతో దొరుకుతాయి. అవి ఆట లోపలి మాడ్‌హబ్ నుంచే తీసుకోవాలి. బయట ఎక్కడెక్కడివో దించుకుంటే వైరస్‌లు వచ్చే ప్రమాదం ఉంది, ఇది అమ్మాయికి ముందే చెప్పండి.

ఇంకొక్క మాట. ఆదివారం పూట ఆ పిల్లను షెడ్డుకు రానివ్వండి. ఆడపిల్ల, నూనె మరకలు అని ఆపకండి. ఆటలో మట్టిని గుల్ల చేసే రోటవేటరు ఒక మీటకు పైకి లేస్తుంది. నిజంగా లేపేటప్పుడు హైడ్రాలిక్ ఎలా మూలుగుతుందో, దాన్ని ట్రాక్టరుకు కలిపే మూడు పిన్నుల్లో ఒకటి వదులైతే పరికరం ఎటు వాలుతుందో ఆమె చేత్తో పట్టుకుని చూడాలి. మృగశిర కార్తె వచ్చేసరికి, మీరు పని మీద చేవెళ్ల వైపు వెళ్లినప్పుడు వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: మా మనుమరాలికి నాలుగేళ్లు. కార్టూన్ల కన్నా పొలం ఆట నయమని కోడలు ట్యాబ్‌లో పెట్టి ఇస్తోంది. నయమేనా?
ఒక నాయనమ్మ, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, నాలుగేళ్ల పిల్లకు రెండూ ఒకటే. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్లలోపు వారికి రోజుకు గంట దాటకూడదని, అది కూడా పెద్దవాళ్ల తోడుతోనేనని భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. ఆ గంటలో కార్టూనా, ఆటా అన్నది కోడలితో వాదించవలసిన విషయం కాదు. ఆమెకు ఆ గంట వంటపనికి కావాలి, అంతే కదా. ఆ గంటలో సగం మీరు తీసుకోండి.

వంటింట్లో పోపులపెట్టె నుంచి ఒక పిడికెడు మెంతులు తీసి రాత్రి నానబెట్టండి. అడుగున చిల్లులున్న పాత ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు అంగుళాల మట్టి పోసి, పిల్ల చేతనే చల్లించి, పైన పలచగా మట్టి కప్పించండి. నీళ్లు గ్లాసుతో పోయనివ్వకండి, గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించమనండి. రెండు మూడు రోజుల్లో తల వంచుకున్న మొలక మట్టిని నెత్తిన పెట్టుకుని పైకి వస్తుంది, అది చూడడానికి పిల్ల మిమ్మల్ని మంచం మీద నుంచి లేపుతుంది. మూడు, నాలుగు వారాలకు కూర కోతకు వస్తుంది. ఆ రోజు పప్పులోకి వేయండి, పిల్లే గిన్నె పట్టుకుంటుంది. కత్తెర మాత్రం మీ చేతిలోనే ఉండనివ్వండి.